చివరి బండి ఒడ్డు చేరేదాకా
(రేడియో ప్రసంగ పాఠము)

ఇంటిలో పని ముగించుకుని రేడియో దగ్గర కూర్చున్నవారిని, ఆసుపత్రి మంచం మీద నుండి వింటున్నవారిని, దుకాణంలో, పొలం గట్టున వింటున్నవారిని, మీలో ప్రతి ఒక్కరినీ ఈ కొద్ది నిమిషాలు నాతో కూడ ఒక ప్రయాణానికి రమ్మని ఆహ్వానిస్తున్నాను.

ఇది బస్సు ప్రయాణమూ కాదు, రైలు ప్రయాణమూ కాదు. రోడ్డు ఎక్కడ అయిపోతుందో అక్కడ మొదలయ్యే ప్రయాణం. ఈ కాలంలో మన యౌవనస్థులు కొందరు జీపులు, ఫోర్ వీల్ డ్రైవ్ బండ్లు తీసుకుని గుంపుగా బయలుదేరుతున్నారు. మారేడుమిల్లి అడవి దారులకు వెళ్తారు. సెలవు ఎక్కువ దొరికితే మనాలి దాటి స్పితికి, లడఖ్‌కు వెళ్తారు. బురదలో దిగబడతారు, బండరాళ్లు ఎక్కుతారు, వాగులు దాటుతారు. ఇంటి దగ్గర తల్లిదండ్రులు మాత్రం "ఎందుకు నాయనా ఈ తిప్పలు?" అని అడుగుతూ ప్రార్థన చేస్తూ ఉంటారు. ఎందుకో ఆ పిల్లలే చెప్పాలి. నేను చెప్పదలచినది వేరు. అలాంటి బండ్ల వరుసలో తప్పకుండా పాటించే ఒక నియమం ఉంది. ఆ నియమం మన కుటుంబాలకు, మన సంఘాలకు ఎంతో అవసరము.

మంత్రిగారి కాన్వాయ్ మీరు చూసే ఉంటారు. ముందు సైరన్ మోగుతుంది, బండ్లు దూసుకుపోతాయి. వెనుక ఒక బండి పంక్చరై ఆగిపోయినా ముందువారు ఆగరు. అడవి దారుల్లో వెళ్లే కాన్వాయ్ అలా ఉండదు. అక్కడ ప్రతి డ్రైవరుకూ ముందే చెప్పే మాట ఒకటి: నీ వెనుక వచ్చే బండికి నీవు బాధ్యుడవు.

దీని భావమేమిటి? ఐదు బండ్లు ఒకదాని వెనుక ఒకటి వెళ్తున్నాయనుకోండి. ప్రతి డ్రైవరూ ముందు దారి చూస్తూనే మధ్య మధ్య అద్దంలో వెనుక బండిని కూడా చూసుకోవాలి. అది కనబడకపోతే నెమ్మదించాలి. అప్పటికీ కనబడకపోతే ఆగాలి. నాలుగవ బండి ఆగితే మూడవ బండి అద్దంలో అది కనబడదు గనుక మూడవది ఆగుతుంది. తరువాత రెండవది, చివరకు మొదటిది కూడా ఆగుతుంది. సెల్ ఫోను సిగ్నల్ లేని చోట కూడా వెనుకనున్నవాని కష్టం ఈ విధంగా ముందున్నవానికి చేరుతుంది. దారి రెండుగా చీలిన చోట నీవు ఏ వైపు తిరిగావో నీ వెనుకవాడు చూసేదాకా అక్కడినుండి కదలకూడదు. ఇంకొక సంగతి ఏమిటంటే, దారి తెలిసినవాడు ముందు వెళ్తాడు గాని, మంచి అనుభవం ఉన్న ఇంకొకరిని చివరి బండిలో ఉంచుతారు. పనిముట్లు, తాళ్లు, మందుల పెట్టె ఆ బండిలో ఉంటాయి. ఎందుకంటే బాగు చేయగలవాడు ముందు వెళ్లిపోతే వెనుక చెడిపోయిన బండికి దిక్కెవరు?

ఆదికాండము 4వ అధ్యాయంలో కయీను దేవునికి ఎదురు వేసిన ప్రశ్న మీకు జ్ఞాపకం ఉంది గదా. తమ్ముని సంగతి చూసుకోవడం నా పనా అన్నట్టు మాట్లాడాడు. అవును, అది నీ పనే అంటుంది ఈ బండ్ల నియమం. అద్దంలో నీ తమ్ముడు కనబడకపోతే ఆగవలసినవాడవు నీవే.

ఇప్పుడు చరిత్రలో జరిగిన ఒక ప్రయాణం చెబుతాను. 1955 సెప్టెంబరు 1వ తేదీన ఇంగ్లాండులో ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయాలకు చెందిన ఆరుగురు యువకులు లండన్ నుండి రెండు ల్యాండ్ రోవర్ బండ్లలో బయలుదేరారు. ఒక బండికి ఆక్స్‌ఫర్డ్ అని, రెండవదానికి కేంబ్రిడ్జి అని పేరు పెట్టుకున్నారు. వారు చేరవలసిన చోటు సింగపూరు. ఐరోపా దేశాలు దాటి, టర్కీ, సిరియా, ఇరాక్, ఇరాన్, పాకిస్తాన్ మీదుగా మన దేశానికి వచ్చారు. ఇక్కడినుండి బర్మా, థాయిలాండ్, మలయా దాటి 1956 మార్చి 6వ తేదీన సింగపూరు చేరారు. ఆరు నెలలకు పైగా సాగిన ప్రయాణం. వారిలో ఒకరైన టిమ్ స్లెసర్ గారు ఆ ప్రయాణాన్ని గూర్చి పుస్తకం రాశారు. అప్పటికి బి.బి.సి.లో యువకుడిగా పని చేస్తున్న డేవిడ్ ఆటెన్‌బరో గారు వారికి సినిమా ఫిల్ము ఇప్పించారు.

ఆరుగురిలో ప్రతి ఒక్కరికీ ఒక పని ఉంది. ఇంజను చూసేవాడు వేరు, పటము చూసి దారి చెప్పేవాడు వేరు, కెమెరా పట్టేవాడు వేరు, సరుకుల లెక్క చూసేవాడు వేరు. అపొస్తలుడైన పౌలు కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక 12వ అధ్యాయంలో శరీరము, అవయవములను గూర్చి బోధించినది ఇదే గదా. ఇంజను తెలిసినవాడు పటము చూసేవానిని చులకన చేస్తే ఆ బండి ఎక్కడికి చేరుతుంది?

ఈ ప్రయాణంలో అందరూ భయపడిన భాగము ఒకటుంది. అది అస్సాం రాష్ట్రంలోని లేడో పట్టణం దగ్గర మొదలై బర్మాలోకి వెళ్లే రోడ్డు. దాని కథ కూడా వినదగినది. రెండవ ప్రపంచ యుద్ధంలో జపాను సైన్యం బర్మాను పట్టుకోవడంతో చైనాకు సరుకులు వెళ్లే భూమార్గం తెగిపోయింది. కొత్త దారి కోసం 1942 డిసెంబరులో లేడో నుండి పని మొదలుపెట్టారు. పాట్కాయ్ కొండల్లో పాంగ్సౌ కనుమ దాటి, బర్మా అడవుల గుండా పాత బర్మా రోడ్డును కలిపారు. 1945 జనవరి నాటికి దారి పూర్తయింది. లేడో నుండి చైనాలోని కున్మింగ్ వరకు మొత్తం సుమారు 1,736 కిలోమీటర్లు. అమెరికా సైనికులు సుమారు 15,000 మంది, స్థానిక కూలీలు సుమారు 35,000 మంది దానిమీద పని చేశారు. ఆ సైనికులలో ఎక్కువమంది నల్లజాతివారు. మలేరియా వలన, కొండచరియలు విరిగిపడి, ప్రమాదాలలో, పోరాటంలో వెయ్యిమందికి పైగా అమెరికావారు ప్రాణాలు విడిచారు. కూలీలలో ఎంతమంది పోయారో లెక్క సరిగా రాసిపెట్టలేదు. మనుష్యులు లెక్క పెట్టని వారిని దేవుడు లెక్క పెడతాడని మనము నమ్ముచున్నాము.

అంత ప్రాణనష్టంతో వేసిన రోడ్డు యుద్ధం అయిపోగానే అక్కరలేనిదైంది. బాగుచేసేవారు లేరు. అక్కడ వర్షాలు మామూలు వర్షాలు కావు. పదేళ్లలో అడవి మళ్లీ రోడ్డు మీదికి వచ్చింది, వంతెనలు కొట్టుకుపోయాయి. 1956 ఆరంభ దినాలలో ఆ రెండు బండ్లు అక్కడికి వచ్చినప్పుడు వంతెన లేని చోట నదిలోకే దిగి దాటవలసి వచ్చింది.

శ్రోతలారా, అలాంటి చోట బండితో నది ఎలా దాటుతారో మీకు తెలుసా? తెలిసినవారు చేసే పద్ధతి ఒకటి ఉంది. అందులో మనకు మూడు పాఠాలు ఉన్నాయి.

మొదటి పాఠము: ముందు బండి దిగి నీటిని చూడాలి.

తెలియనివాడు ఒడ్డు చూడగానే ఇంజను గట్టిగా తొక్కి దూకిస్తాడు. తెలిసినవాడు ఇంజను ఆపి దిగుతాడు. నీరు ఎటు పారుతుంది, ఎంత వేగంగా పారుతుంది, అవతల ఎక్కడానికి గట్టు వీలుగా ఉందా అని చూస్తాడు. సాధారణంగా నది వెడల్పైన చోట లోతు తక్కువ, ఇరుకైన చోట లోతు ఎక్కువ. గలగల శబ్దం చేస్తూ చిన్న అలలతో పారే చోట అడుగున గులకరాళ్లు ఉంటాయి. నిశ్శబ్దంగా, నున్నగా కనబడే చోట మడుగు ఉండవచ్చు. మన పెద్దలు చెప్పే నిండుకుండ సామెత మనుష్యుల విషయంలో ఎంత నిజమో, నది విషయంలోనూ అంతే నిజం. తరువాత ఒకరు కర్ర పట్టుకుని నడిచి లోతు చూస్తారు. మనిషి నడవలేని ప్రవాహంలోకి బండిని దింపకూడదన్నది వారి మొదటి సూత్రము.

మంచు కరిగి వచ్చే వాగులైతే వేళ కూడా చూడాలి. మనాలి నుండి స్పితికి వెళ్లే దారిలో గ్రాంఫూ, బాతల్ మధ్య రోడ్డుకు అడ్డంగా వాగులు పారుతుంటాయి. ఉదయాన పిల్లకాలువలా ఉన్నది, ఎండెక్కి పైన మంచు కరిగాక మధ్యాహ్నానికి ఉరకలు వేస్తుంది. అందుకని అనుభవం ఉన్నవారు పెందలకడనే లేచి దాటేస్తారు. ఆలస్యమైతే ఆ రాత్రి ఇవతలే ఆగి మరునాడు దాటుతారు. ఆగడం వారికి సిగ్గు కాదు.

ఇక్కడ ఒక హెచ్చరిక చెప్పకుండా ముందుకు పోలేను. ఇప్పటిదాకా చెప్పినది అడుగు తెలిసిన, నెమ్మదిగా పారే నీటిని గూర్చి. వరదను గూర్చి కాదు. మన ప్రాంతాలలో ప్రతి వానకాలంలో ఏదో ఒక కాజ్‌వే మీద వాగు పొంగుతుంది. "రోజూ వెళ్లే దారే గదా, రెండు నిమిషాల్లో దాటేస్తాను" అని ఎవరో ఒకరు బండి దింపుతారు. ఆ ఇంట దుఃఖం మిగులుతుంది. అమెరికా వాతావరణ శాఖవారు ప్రజలకు చెప్పే లెక్క వినండి. వేగంగా పారే వరద నీరు అరడుగు ఉంటే నిలబడిన మనిషిని పడగొట్టగలదు. ఒక అడుగు ఉంటే చాలా కార్లను తోసుకుపోగలదు. రెండడుగులు ఉంటే పెద్ద జీపులను, ట్రక్కులను కూడా తోసుకుపోగలదు. బండి బరువు మనలను కాపాడదు. నీరు కిందినుండి లేపగానే టైర్లకు పట్టు పోతుంది. పైగా ఎర్రటి నీటి కింద రోడ్డు ఉన్నదో, కోతకు పోయిందో ఎవరికీ కనబడదు.

2024 సెప్టెంబరు 1వ తేదీన ఖమ్మం, మహబూబాబాద్ ప్రాంతాలలో మున్నేరు, ఆకేరు ఎంతగా పొంగాయో మీలో చాలామందికి ఇంకా కళ్లముందే ఉంటుంది. ఆ దినమున కారుతో సహా కొట్టుకుపోయి ప్రాణాలు పోగొట్టుకున్నవారు ఉన్నారు. అదే దినమున ఖమ్మంలో ప్రకాశ్‌నగర్ వంతెన మీద తొమ్మిదిమంది వరద మధ్య చిక్కుకుపోయారు. గంటలు గడిచాయి. వాతావరణం అనుకూలించక హెలికాప్టరు రాలేకపోయింది. చివరకు ఒక జెసిబి డ్రైవరు తన యంత్రంతో నీటిలోకి వెళ్లి ఆ తొమ్మిదిమందినీ క్షేమంగా తీసుకువచ్చాడు. సరదాకు నీటిలో దిగేవాడు తన ప్రాణంతో పాటు తనను వెదకబోయేవారి ప్రాణం కూడా పణంగా పెడతాడు. ఈ మనిషి తొమ్మిదిమంది కోసం దిగాడు. ఈ రెండింటినీ ఒకే ధైర్యమని మీరు అంటారా? కాబట్టి అన్నలారా, తమ్ముళ్లారా, వాగు పొంగినప్పుడు వెనక్కి తిరిగి ఇంటికి రండి. మీ అమ్మ వండిన అన్నం చల్లారితే మళ్లీ వేడి చేసుకోవచ్చు.

రెండవ పాఠము: మొదట దాటినవాని పని దాటడంతో అయిపోదు.

పద్ధతి ప్రకారం వెళ్లేవారు అన్ని బండ్లనూ ఒకేసారి నీటిలో దింపరు. ఒకటి దిగితే మిగిలినవి ఒడ్డున ఆగుతాయి. అది అవతల చేరాకనే రెండవది దిగుతుంది. దిగకముందే తాడు కట్టి సిద్ధంగా ఉంచుతారు. నది మధ్యలో ఇంజను ఆగిపోయాక నీటిలో చేతులు పెట్టి కొక్కెం వెదకడం కష్టం గనుక, అక్కర రాకముందే కడతారు. సీటు బెల్టు తీసేస్తారు, అద్దాలు దింపుతారు. తక్కువ గేరులో, ప్రవాహానికి ఎదురు తిరగకుండా కొంచెం దిగువకు వాలుగా, మనిషి నడిచే వేగంతో నిలకడగా వెళ్తారు. అలా వెళ్తే బండి ముందు ఒక చిన్న అల లేచి, ఇంజను దగ్గర నీటిమట్టం తగ్గుతుంది. వేగం పెంచితే నీరు ఇంజనులోకి గాలి వెళ్లే దారిలో పడుతుంది. మధ్యలో గేరు మార్చితే బండి ఆగే ప్రమాదం ఉంది. ఇంజనులోకి నీరు వెళ్లి ఆగిపోతే మళ్లీ స్టార్టు చేయకూడదు. నీరు గాలిలాగా అణగదు గనుక లోపలి కడ్డీలు వంగిపోతాయి. అప్పుడు అవతల ఒడ్డున తాడు పట్టుకుని నిలబడ్డవాడే ఆధారం.

అవతల ఒడ్డు చేరిన మొదటివాడు ఏం చేయాలి? బట్టలు ఆరవేసుకుని టీ తాగుతూ కూర్చోవచ్చా? లేదు. తన బండిని గట్టి నేలమీద నిలిపి, వెనక్కి తిరిగి, తాడుకు అందేలా సిద్ధపడాలి. తాను ఏ రాయి తప్పించుకున్నాడో, ఎక్కడ మెత్తగా ఉందో చేతులెత్తి సైగలు చేసి వెనుకవానికి చూపాలి. చివరి బండి ఎక్కేదాకా అతడు ఆ గట్టు విడిచిపెట్టడు.

ఇప్పుడు మీ బైబిలు తీసి యెహోషువ గ్రంథము 3, 4 అధ్యాయాలు చదవండి. ఇశ్రాయేలీయులు యొర్దాను ఒడ్డున ఉన్నారు. కోతకాలము, నది గట్లు దాటి పారుతోంది. మందసము మోసే యాజకులు ముందుగా నీటిలో అడుగు పెట్టారు. ప్రజలు మందసానికి దగ్గరగా రాకూడదని, రెండువేల మూరల దూరం ఉండాలని ఆజ్ఞ ఉంది. అంతకుముందు ఎన్నడూ నడవని దారి గనుక, ఎటు వెళ్లవలెనో అందరికీ కనబడేలా అలా ఏర్పాటు చేశారు. నీరు ఆగాక యాజకులు ఏం చేశారో గమనించారా? ముందు దిగాము గనుక ముందు ఒడ్డెక్కుతామని అనుకోలేదు. జనులందరూ దాటేదాకా నది నడుమ ఆరిన నేలమీద నిలిచి ఉన్నారు. ముసలివారు దాటారు, చంటిబిడ్డల తల్లులు దాటారు, పశువులను తోలుకుంటూ కాపరులు దాటారు. అందరికంటె ముందు దిగిన యాజకులు అందరికంటె చివర ఒడ్డెక్కారు.

ఇంకొక సంగతి కూడా అక్కడ ఉంది. రూబేనీయులకు, గాదీయులకు, మనష్షే అర్ధగోత్రపువారికి యొర్దాను ఇవతలే స్వాస్థ్యము దొరికింది. వారికి నది దాటవలసిన పని లేదు. అయినను వారి యోధులు యుద్ధసన్నద్ధులై తమ సహోదరులకు ముందుగా దాటారు. తమకు దొరికిందని వారు ఇంట్లో కూర్చోలేదు.

ప్రియులారా, మీకు ఉద్యోగం దొరికిందా? మీ పిల్లలు స్థిరపడ్డారా? మీ అప్పు తీరిందా? సంతోషమే. దేవునికి స్తోత్రము. అయితే మీ తాడు ఇప్పుడు ఎక్కడ ఉంది? వెనుక ఇంకా నీటిలో ఉన్నవాని చేతికి అందేలా ఉన్నదా, లేక చుట్టి పెట్టెలో పెట్టేశారా?

మూడవ పాఠము: వరుస వేగాన్ని నిర్ణయించేది అందరికంటె నెమ్మదిగా వచ్చేవాడు.

ఒక గుంపులో కొత్త బండ్లు, బలమైన బండ్లు ఉండవచ్చు. ఒక పాత బండి కూడా ఉండవచ్చు. ఆ పాత బండి ఎంత వేగంగా రాగలదో అంత వేగంతోనే అందరూ వెళ్లాలి. బలమైనవాడు తన బలం చూపించబోతే గుంపు చెదిరిపోతుంది, అడవిలో చీకటి పడుతుంది.

ఆదికాండము 32వ అధ్యాయంలో యాకోబు యబ్బోకు రేవు దగ్గర ఉన్నాడు. రాత్రివేళ తన భార్యలను, పిల్లలను, తనకు కలిగినదంతా ఏరు దాటించి తాను ఒంటరిగా మిగిలాడు. తెల్లవారాక అన్నయైన ఏశావును కలిశాడు. ఏశావు కలిసి వెళ్దాము రమ్మన్నాడు. అతనితో నాలుగువందల మంది మగవారు ఉన్నారు, వేగంగా వెళ్లగలవారు. యాకోబు ఏమన్నాడో 33వ అధ్యాయంలో చూడండి. నా పిల్లలు లేతవారు, పాలిచ్చే పశువులు నాతో ఉన్నవి, ఒక్కరోజు వాటిని వడిగా తోలితే మంద అంతా చచ్చిపోతుంది, నేను వీరి నడకనుబట్టి మెల్లగా వస్తాను అన్న భావముతో జవాబిచ్చాడు. ఆ రాత్రి దేవునితో పెనుగులాడి తొడగూడు తప్పిన మనిషి, కుంటుతూ నడుస్తున్న మనిషి ఈ మాట చెప్పాడు. తాను కుంటినవాడు ఇతరుల నడకను ఎగతాళి చేయడు.

మన ఇళ్లలో ఏం జరుగుతుందో ఆలోచించండి. పెద్దబ్బాయికి మంచి మార్కులు వస్తాయి. చిన్నబ్బాయి ఇంటర్ తప్పుతాడు. ఆ రోజు నుండి భోజనం దగ్గర, బంధువుల ముందు ఆ చిన్నవాడిని ఏమని పిలుస్తున్నాము? నానమ్మకు చెవులు సరిగా వినిపించవు. ఒక మాట రెండుసార్లు చెప్పడానికి మనకు విసుగు. గుడిలో ఒక సహోదరి భర్తను పోగొట్టుకుని ఆరు నెలలుగా ఆరాధనకు రావడం లేదు. పాటలు బాగున్నాయి, కానుకలు బాగున్నాయి, వరుస ముందుకు సాగిపోతోంది. అద్దంలో ఆ బండి కనబడడం లేదని ఎవరైనా చూశారా?

ఇక దాటలేకపోయినవారి సంగతి ఏమిటి? ఎంత తాడు వేసినా, ఎంత నెమ్మదిగా వెళ్లినా కొందరు ఈవల ఒడ్డునే ఉండిపోతారు. వారిని గూర్చి దేవుని వాక్యము మౌనంగా లేదు. సమూయేలు మొదటి గ్రంథము 30వ అధ్యాయంలో దావీదు సిక్లగుకు వచ్చేసరికి అమాలేకీయులు ఊరు కాల్చి, భార్యాపిల్లలను చెరపట్టుకుపోయారు. ఆరువందల మంది మగవారు తరుముతూ బెసోరు వాగు దగ్గరకు వచ్చారు. వారిలో రెండువందల మంది అలసిపోయి వాగు దాటలేక అక్కడే నిలిచిపోయారు. నాలుగువందల మంది వెళ్లి, పోయినవారందరినీ విడిపించి, దోపుడుసొమ్ముతో తిరిగి వచ్చారు. అప్పుడు కొందరు, వీరు మనతో రాలేదు గనుక భార్యాపిల్లలను మాత్రం అప్పగించి పంపివేద్దాము, సొమ్ములో పాలు ఇవ్వనక్కరలేదు అని వాదించారు. లెక్క ప్రకారం వారి మాట సబబుగానే ఉంటుంది. దావీదు ఒప్పుకోలేదు. యుద్ధానికి పోయినవానికీ సామాను దగ్గర నిలిచినవానికీ పాలు సమానమేనని తీర్పు చెప్పి, దానిని కట్టడగా నియమించాడు. ఈ విజయం తమ బలం వలన రాలేదని, దేవుడిచ్చినదని అతనికి తెలుసు. దేవుడిచ్చిన దానిలో దాటినవాడు దాటలేనివాని పాలు ఎలా మింగగలడు?

ఆ రెండు ల్యాండ్ రోవర్ల సంగతికి ఇంకొక అధ్యాయం ఉంది. వాటిలో కేంబ్రిడ్జి అనే బండి తరువాతి సంవత్సరాలలో ఇరాన్ కొండల్లో లోయలో పడి నాశనమైపోయింది. ఆక్స్‌ఫర్డ్ అనే బండి అట్లాంటిక్ సముద్రంలో ఉన్న సెయింట్ హెలీనా దీవికి చేరి, అక్కడ పాడుబడిపోయింది. అరవై ఏళ్ల తరువాత దానిని ఇంగ్లాండుకు తెచ్చి బాగుచేశారు. ఈసారి సింగపూరు నుండి లండన్‌కు తిరుగు ప్రయాణం చేయాలనుకున్నారు. ఆనాటి ఆరుగురిలో ఒకరైన టిమ్ స్లెసర్ గారు 87 సంవత్సరాల వయసులో తాను కూడా వెళ్లాలని సిద్ధపడ్డారు. బయలుదేరే సమయానికి అనారోగ్యం వచ్చి వెళ్లలేకపోయారు. ఆయన స్థానంలో మనవడు వెళ్లాడు. 2019 ఆగస్టు 25న సింగపూరులో బయలుదేరిన ఆ పాత బండి, డిసెంబరు 14న లండన్ చేరింది. తాత బెసోరు వాగు దగ్గర ఆగిపోయినవానిలా ఇంటి దగ్గర ఉండిపోయాడు. అయితే ఆ ప్రయాణంలో ఆయనకు పాలు లేదని ఎవరైనా అనగలరా? ఆయన తన యౌవనంలో దాటిన దారి గుర్తులు చూసుకునే గదా మనవడు వెళ్లాడు!

ఈ కార్యక్రమం వింటున్న వృద్ధులారా, మంచం పట్టినవారలారా, మీరు ఇక దేనికీ పనికిరారని ఎవరైనా అంటే నమ్మకండి. మీ ప్రార్థనల మీద నడిచే బండ్లు ఎన్నో ఉన్నాయి. సామాను దగ్గర కూర్చున్నవారికీ పాలు ఉన్నది.

చివరిగా ఒక చిన్న పని మీకు అప్పగించి ముగిస్తాను. ఈ రాత్రి పడుకునే ముందు మీ అద్దంలో ఒకసారి చూడండి. ఒకప్పుడు మీ వెనుకనే వస్తూ, ఇప్పుడు కనబడని వారెవరు? చదువు మధ్యలో ఆపి పట్నం వెళ్లిపోయి ఫోను చేయని తమ్ముడా? ఆస్తి పంపకాల్లో మాట పట్టింపు వచ్చి దూరమైన అక్కా? గల్ఫ్ నుండి చేతిలో ఏమీ లేకుండా తిరిగి వచ్చి, నలుగురిలోకి రావడానికి సిగ్గుపడుతున్న స్నేహితుడా? ఒక్క పేరు కాగితం మీద వ్రాసుకోండి. వచ్చే ఆదివారం లోపుగా ఫోను చేయండి, వీలైతే వెళ్లి కలవండి. ఉపదేశం చేయకండి, ముందు నీటి లోతు కనుక్కోండి. "ఎలా ఉన్నావు? తిన్నావా?" అని అడగండి. నిలబడి వినండి. ఆ తరువాత మీ చేతిలో ఏ తాడు ఉంటే ఆ తాడు అందించండి.

అలాగే ఈ మాటలు వింటున్నవారిలో నది మధ్యలో బండి ఆగిపోయి, నీరు లోపలికి వస్తున్నవారు కూడా ఉండవచ్చు. సహోదరుడా, సహోదరీ, ఒంటరిగా ఇంజను తిప్పుతూ కూర్చోకండి. కిటికీ దింపి కేక వేయండి. సాయం అడగడానికి సిగ్గుపడకండి. తొంభైతొమ్మిదింటిని విడిచి ఒక్కదాని కోసం వెదికిన కాపరిని గూర్చి మన ప్రభువు ఉపమానము చెప్పాడు. ఆయన అద్దంలో మీరు కనబడకుండా పోలేదు.

ప్రార్థన చేసుకుందాము. కృపగల తండ్రీ, మమ్మును ఇంతవరకు ఎన్నో ఏరులు దాటించితివి, నీకు వందనములు. దాటినవారమని గర్వపడక, వెనుకనున్నవారి కొరకు ఒడ్డున నిలిచే మనస్సు మాకు దయచేయుము. ప్రయాణములో ఉన్న బిడ్డలను, వాననీటిలో చిక్కుకున్న కుటుంబములను, దారి తప్పినవారిని, అలసి ఈవల ఒడ్డున కూర్చున్నవారిని కాపాడుము. మాలో చివరివాడు కూడా క్షేమముగా ఒడ్డు చేరునట్లు సహాయము చేయుము. యేసుక్రీస్తు నామమున వేడుకొనుచున్నాము తండ్రీ, ఆమేన్.